పాత కీ వాచీలు: గోదావరి తేమలో కొనడం, పరీక్షించడం, కాపాడుకోవడం

"బీరువాలో తాతగారి హెచ్‌ఎంటీ దొరికింది. కీ ఇస్తే కాసేపు కొట్టుకుని ఆగిపోతోంది. బాగవుతుందా?" అమలాపురం వాళ్లూ ఇదే అడుగుతారు, భీమవరం వాళ్లూ ఇదే అడుగుతారు. ఆ ఒక్కటీ బాగుపడి చేతికెక్కగానే రెండో ప్రశ్న వస్తుంది: "ఇలాంటివి ఇంకో రెండు కొనాలని ఉంది. మోసపోకుండా ఎలా?" రెండింటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. సిద్ధాంతం కావలసినవారికి వేరే చోట బోలెడు ఉంది, ఇందులో పని మాత్రమే.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మన ప్రాంతంలో వాచీల సేకరణ అంటే సగం కొనుగోలు, సగం తేమతో పోరాటం. నడవని వాచీలు పాతిక పోగేసుకోవడం కన్నా, రోజూ మార్చి మార్చి పెట్టుకోగల నాలుగు నడిచే వాచీలు మేలు.

ఏ వాచీలు దొరుకుతాయి?

గోదావరి జిల్లాల పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది హెచ్‌ఎంటీ. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో దీని వాచీల తయారీ మొదలైంది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్ వంటివి చేత్తో కీ ఇచ్చేవి. కాంచన్ చేతి కదలికకే కీ నిండే ఆటోమేటిక్. వాచీ, సైకిలు, రేడియో పెళ్లికొడుకు లాంఛనాలుగా చలామణీ అయిన రోజుల్లో ఇవి ఇంటింటికీ చేరాయి. ఆ వాచీల విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. సీకో సహకారంతో హైదరాబాద్‌లో తయారైన ఆల్విన్ వాచీలు, అంతకు ముందు తరానికి చెందిన స్విట్జర్లాండ్ ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్ వాచీలు కూడా అప్పుడప్పుడు బయటపడతాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను హెచ్‌ఎంటీనే సూచిస్తాను. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, దాని మెషీన్ లోపలి సంగతి మన ఊరి మెకానిక్‌లకు బాగా తెలుసు. స్విస్ పేరు చూసి ముచ్చటపడి కొంటే, ఒక్క చిన్న చక్రం అరిగినా నెలల తరబడి వెతుక్కోవాలి.

కావలసినవి

భూతద్దం ఒకటి (పది రెట్లు పెద్దదిగా చూపేది, వాచీ మెకానిక్‌లు కంటికి పెట్టుకునే రకం). చిన్న టార్చి. అసలైన అయస్కాంత దిక్సూచి, స్కూలు పిల్లలు వాడేదైనా సరే. మెత్తని నూలు గుడ్డ. గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. రంగు మారే సిలికా జెల్. తేమను శాతంలో చూపే చిన్న డిజిటల్ మీటరు. మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు. ఒక నోటు పుస్తకం.

వాచీ మూత తెరిచే పనిముట్లు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లకండి.

1. ఇంట్లో ఉన్నదాన్నే ముందు చూడండి

కొనడానికి పరుగెత్తకండి. అమ్మమ్మగారి ఇంట్లో, పెదనాన్నగారి పెట్టెలో అడిగి చూడండి. దొరికిన వాచీకి వెంటనే కీ ఇవ్వకండి. ఏళ్ల తరబడి ఆగి ఉన్న మెషీన్‌లో నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. అలాగే నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. నడుస్తుందో లేదో తెలుసుకోవాలని ఉంటే నాలుగైదు మెలికలు మాత్రం తిప్పి, సెకన్ల ముల్లు కదిలిందో లేదో చూసి వదిలేయండి. కదిలితే మంచిది. కదలకపోయినా కంగారు పడనక్కర లేదు, చాలావరకు సర్వీసుతో లేస్తుంది.

కీ బిగుసుకుని తిరగకపోతే బలవంతం చేయవద్దు. "కీ ఎక్కువగా ఇచ్చేశాం, అందుకే పాడైంది" అని చాలామంది అంటారు. అసలు కారణం సాధారణంగా అది కాదు. కీ పూర్తిగా నిండినా నడవడం లేదంటే లోపల మురికి పట్టిందని, లేదా ఏదో విరిగిందని అర్థం.

వెనక మూత మీద పేరో, పెళ్లి తేదీయో, ఉద్యోగ విరమణ కానుక అనో చెక్కి ఉంటే దాన్ని అరగదీసి మెరిపించమని ఎవరికీ చెప్పకండి. సేకరణలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ గీతలే. అంగట్లో కొన్న వంద వాచీల్లో ఒక్కదానికీ అది రాదు.

2. కొనేటప్పుడు డయల్‌తో మొదలుపెట్టండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

పాత వాచీ డయల్ రంగు వెలిసిపోతే, దాన్ని గీకేసి కొత్తగా రంగు వేసి, అక్షరాలు మళ్లీ అచ్చు వేసి అమ్ముతారు. నీలం, గులాబీ, ఆకుపచ్చ, నారింజ డయళ్లతో "వాడని పాత సరుకు" అంటూ ఫోనులో కనిపించే పైలట్ వాచీలు చాలావరకు ఈ బాపతే. అందంగా ఉందని తెలిసే కొంటే తప్పేమీ లేదు. అసలుదని అసలు ధర పెడితేనే నష్టం.

డయల్‌ను భూతద్దం కింద ఇలా చూడండి:

అక్షరాల అంచులు తేటగా ఉండాలి. కొత్త అచ్చులో సిరా కొద్దిగా పాకి, "జనతా" అన్న చిన్న మాట కూడా ఉబ్బినట్టు కనిపిస్తుంది. నిమిషాల గీతలు చుట్టూరా ఒకే దూరంలో ఉండాలి, గంటల గుర్తులకు సూటిగా ఎదురుగా రావాలి. మళ్లీ వేసిన డయల్‌లో పన్నెండు దగ్గర సరిపోయిన గీత నాలుగు దగ్గరకు వచ్చేసరికి పక్కకు జరిగి ఉంటుంది. ఆరు కింద, అంచున ఉండే సన్నని అక్షరాలు సగం తెగిపోయినా, అసలు లేకపోయినా అనుమానించండి. ముళ్లకు తుప్పు పట్టి ఉండి, డయల్ మాత్రం నిన్న అచ్చు వేసినట్టు ఉంటే ఇక పరీక్ష అక్కర లేదు.

అసలు డయల్ మీద చుక్కలు, లేత పసుపు మరకలు ఉంటాయి. ఉండనివ్వండి. రంగు కాస్త మాసిన అసలు డయల్, మెరిసే కొత్త డయల్ కన్నా విలువైనది.

ఫోటోలు చూసి కొనేవారు డయల్‌ను సూటిగా తీసిన ఫోటో ఒకటి, మూత తీసిన మెషీన్ ఫోటో ఒకటి, కీ వైపు పక్క నుంచి తీసినది ఒకటి అడగండి. ఇవ్వనన్నవారి దగ్గర కొనకండి. మరో మార్గం కూడా ఉంది. వాచీల విభాగం మూతపడినా, బెంగళూరులోని హెచ్‌ఎంటీ సంస్థ కొన్ని మోడళ్లను నేరుగా అమ్ముతోంది. నకిలీ భయం వద్దనుకునేవారు అటు చూడవచ్చు, కాకపోతే నచ్చిన మోడల్ దొరికేదాకా ఓపిక పట్టాలి.

3. కేసు, కీ

పాత హెచ్‌ఎంటీల్లో చాలావాటికి ఇత్తడి మీద క్రోమియం పూత వేసిన కేసు ఉంటుంది. చెమట తగిలే చోట, అంటే బెల్టు పట్టుకునే కొమ్ముల లోపలి వైపు, పూత లేచి పసుపు ఇత్తడి బయటపడుతుంది. అక్కడే ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది. పైపై చిలుము తుడిస్తే పోతుంది. కేసు గుంటలు పడి తినేసి ఉంటే, వెనక మూత సరిగా బిగియక లోపలికి తేమ పోయిందని అనుకోవాలి.

కీని వేళ్లతో మెల్లగా బయటకు లాగి చూడండి. "టక్" మని ఒక మెట్టు బయటకు వచ్చి ఆగాలి. వదులుగా ఊగుతూ ఉంటే లోపలి కాడ అరిగింది. మన వైపు వాచీల్లో ముందు తుప్పు పట్టేది ఈ కాడకే. చెమట, ఉప్పుగాలి రెండూ ఆ సందులోంచే దూరతాయి. కీ చుట్టూ కాఫీ రంగు పొడి కనిపించిందంటే లోపల తుప్పు మొదలైనట్టే.

4. మెషీన్

మూత తీసి చూపమని అడగండి. అమ్మేవారు తెరవనంటే ఏదైనా దుకాణంలో తెరిపించుకుని చూస్తానని చెప్పండి. లోపల హెచ్‌ఎంటీ ముద్ర, జ్యూవెల్స్ (ఇరుసులు అరగకుండా తిరిగే చోట బిగించే చిన్న రాళ్లు) సంఖ్య కనిపించాలి. డయల్ మీద 17 అని ఉంటే లోపలా 17 ఉండాలి. మరలకు కోసుకుపోయిన గాట్లు ఎక్కువగా ఉంటే చేయి తిరగనివారు చాలాసార్లు విప్పారని అర్థం. టార్చి పక్క నుంచి వేయండి, ఎర్రటి తుప్పు చుక్కలు అప్పుడే బయటపడతాయి.

సెకన్ల ముల్లు కూడా ఒక గుర్తు. జనతా వంటి వాచీలు గంటకు 18,000 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఐదు. ముల్లు సన్నగా జారుతున్నట్టు కదలాలి. సెకనుకు ఒక్కో గంతు వేస్తుంటే లోపల బ్యాటరీ మెషీన్ పెట్టారు, పైన ఏ పేరున్నా సరే.

5. నడక పరీక్ష

ఇంటికి తెచ్చుకున్నాక, లేదా సర్వీసు చేయించి తెచ్చాక ఇలా చేయండి.

పొద్దున కాఫీ వేళకు కీ పూర్తిగా ఇవ్వండి. చేతికి గట్టిగా తగిలిన చోట ఆపేయండి. ఫోను గడియారంతో సెకను సహా కలపండి. ఇరవై నాలుగు గంటలు డయల్ పైకి ఉండేలా బల్ల మీద ఉంచి, మర్నాడు అదే వేళకు తేడా రాసుకోండి. రెండో రోజు డయల్ కిందికి, మూడో రోజు కీ కిందికి ఉండేలా నిలబెట్టి అదే పని చేయండి. నాలుగో రోజు చేతికి పెట్టుకుని తిరగండి.

ఫలితం ఎలా చదవాలి? రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే పాత వాచీకి అది చక్కని నడక. రోజులో 86,400 సెకన్లున్నాయి, అందులో ముప్పై సెకన్ల తేడా అంటే 0.035 శాతం. ఇంతకన్నా కచ్చితం కావాలంటే బ్యాటరీ వాచీ కొనుక్కోవాలి. అన్ని స్థితుల్లోనూ ఒకేలా ముందుకో వెనక్కో పోతుంటే అది సర్దుబాటుతో తేలిపోయే పని. ఒక స్థితిలో బాగా నడిచి ఇంకో స్థితిలో ఆగిపోతుంటే బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపేది) ఇరుసు దెబ్బతిని ఉండవచ్చు, అది ఖర్చుతో కూడిన మరమ్మతు. కీ పూర్తిగా ఇచ్చినా ఒక రోజు గడవకుండానే ఆగిపోతే లోపల మురికో, స్ప్రింగు అలసటో.

టిక్కు టిక్కు మని బాగానే వినిపిస్తున్నా ముళ్లు మాత్రం వెనకబడితే, నిమిషాల ముల్లును పట్టి ఉంచే గొట్టం వదులైంది. చిన్న పనే, కంగారు పడి మెషీన్ మార్పించకండి.

మొన్నటిదాకా సరిగ్గా నడిచి, హఠాత్తుగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతోందా? అయస్కాంతం పట్టింది. దిక్సూచిని వాచీ పక్కన పెట్టండి, సూది వాచీతో పాటు వణికితే అదే జబ్బు. స్పీకరు మీద, స్టెబిలైజరు మీద, అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరు మీద వాచీ పెట్టే అలవాటు మానుకోండి. మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసే చిన్న యంత్రం ఉంటుంది, నిమిషంలో అయిపోతుంది.

6. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు

బస్టాండు దగ్గరో పెద్ద బజారులోనో గాజుపెట్టె వెనక ఒంటి కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే పెద్దాయన మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. కొత్తగా ఎవరూ ఈ పని నేర్చుకోవడం లేదు కాబట్టి, దొరికినవారితో మర్యాదగా, తొందర పెట్టకుండా ఉండండి. అడగవలసినవి మాత్రం అడగండి: "పూర్తిగా విప్పి కడుగుతారా అండీ, లేక పైనుంచి నూనె వేస్తారా?" "మార్చిన భాగాలు తిరిగి ఇస్తారా?" "డయల్ ముట్టుకోకుండా చేయగలరా?"

మూడో ప్రశ్న ముఖ్యం. మీరు చెప్పకపోతే, మీకు మంచి చేద్దామనే ఉద్దేశంతోనే డయల్‌కు కొత్త రంగు వేయించి, కేసు మెరుగు పెట్టించి ఇస్తారు. వాచీ ఇచ్చే ముందు మూత తీయించి మెషీన్ ఫోటో తీసుకోండి. అనుమానించడం కాదు, పుస్తకంలో రాసుకోవడానికి.

బేరమాడేటప్పుడు వాచీ ధరకు సర్వీసు ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. "నడుస్తోంది" అన్న మాటకు "సర్వీసు అయింది" అన్న అర్థం లేదు. రోజూ వాడే వాచీని నాలుగైదేళ్లకు ఒకసారి సర్వీసుకు ఇస్తే చాలు.

7. తేమ నుంచి కాపాడటం

జులై నుంచి నవంబరు దాకా మన గాలిలో నీరే ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలి, భీమవరం, నరసాపురం చుట్టుపక్కల చెరువుల మీది తేమ. హైదరాబాద్‌లో పదేళ్లు క్షేమంగా ఉన్న వాచీ ఇక్కడ రెండు వానాకాలాలకే కీ బిగుసుకుపోతే ఆశ్చర్యం లేదు.

మూత గట్టిగా పడే డబ్బాలో అడుగున సిలికా జెల్ సంచి, మీద గుడ్డ, దాని మీద వాచీలు, పక్కన తేమ మీటరు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. అరవై దాటితే జెల్ మార్చండి. ముప్పైకి దిగినా బాగుండదు, తోలు బెల్టులు పగుళ్లు తీస్తాయి, కాబట్టి ఒక సంచి తీసేయండి.

నీలం జెల్ తేమ తాగితే గులాబీ రంగుకు మారుతుంది, నారింజ రకమైతే ఆకుపచ్చకు. ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే పాత రంగు వస్తుంది. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద సన్నని మంటపై కలుపుతూ వేడి చేయండి. హెచ్చరిక: నీలం రకంలో కోబాల్ట్ ఉప్పు ఉంటుంది. ఆ పెనం మళ్లీ వంటకు వాడకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు.

కలరా ఉండలు వేసిన బీరువా అర వాచీలకు తగదు. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ఊదొత్తుల పొగ, నూనె దీపం మసి తగిలే దేవుడి అర కూడా వద్దు.

తోలు బెల్టుకు మన దగ్గర బూజు పట్టక మానదు. వానాకాలం నాలుగు నెలలూ నైలాన్ బెల్టు వేసుకోండి, ఉతుక్కోవచ్చు. కొనే ముందు కొమ్ముల మధ్య వెడల్పు స్కేలుతో కొలవండి. మగవారి పాత హెచ్‌ఎంటీల్లో 18 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుంది, కానీ అన్నిటికీ అదే అనుకోకండి.

8. నీళ్లు పడితే

పాత కీ వాచీ నీటికి ఆగదు. వెనక "వాటర్ ప్రూఫ్" అని రాసి ఉన్నా, రబ్బరు ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుంది. గోదావరిలో స్నానానికి దిగే ముందు తీసేయండి, చెరువులో చేయి పెట్టే ముందు తీసేయండి, అంట్లు తోమే ముందు కూడా.

అద్దం లోపల ఆవిరి కనిపిస్తే అదే రోజు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆ రోజు వీలుపడకపోతే కీ బయటకు లాగి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో మూసి పెట్టి, మర్నాడు ఉదయమే వెళ్లండి. ఆవిరి పోయింది కదా అని ఊరుకోకండి, నీరు కనిపించని చోటికి చేరి ఉంటుంది. ఉప్పునీరు అయితే ఒక్క రాత్రి కూడా ఆగే పని కాదు. బియ్యం డబ్బాలో పెట్టడం పనికిరాదు. బియ్యం పీల్చే తేమ కొద్ది, వదిలే పిండి దుమ్ము ఎక్కువ. ఎండలో పెట్టడం కూడా తప్పే.

9. నోటు పుస్తకం

ఒక్కో వాచీకి ఒక పేజీ. ఎక్కడ, ఎంతకు కొన్నారు, సర్వీసు తేదీ, ఏ భాగం మారింది, రోజుకు ఎన్ని సెకన్ల తేడా. నెలకు ఒకసారి ప్రతి వాచీకీ కీ ఇచ్చి ఒక రోజు నడిపి తేడా రాయండి. తేడా నెలనెలా పెరుగుతుంటే సర్వీసు వేళ దగ్గరపడిందని పుస్తకమే చెబుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేయడం. రెండు రోజులు హుషారుగా నడుస్తుంది, తరవాత దుమ్ము పట్టి జిగురవుతుంది. వాచీ నూనె వేరు, అదీ సూది మొనంత పడాలి.

తేదీ ఉన్న వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీ మార్చడం. ఆ వేళ లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి. ముళ్లను ఆరు దగ్గరకు తెచ్చి అప్పుడు మార్చండి.

అద్దం మీది గీతలు చూసి అద్దం మార్పించడం. పాతవి ప్లాస్టిక్ అద్దాలు. మెత్తని గుడ్డ మీద కొద్దిగా తెల్లని టూత్‌పేస్టు వేసి వలయాలుగా రుద్దితే సన్న గీతలు పోతాయి. తడి లోపలికి పోకుండా అంచులు వదిలేయండి. పగులుంటే మాత్రం మార్చవలసిందే.

చాలా పాత స్విస్ వాచీల్లో, చీకట్లో వెలగడానికి వేసిన పూత గోధుమ రంగుకు మారి ఉంటే అది రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కావచ్చు. గీకకండి, ఇంట్లో తెరవకండి.

ఆటోమేటిక్‌ను ఊపి ఊపి నడిపించడం. చేతికి పెట్టుకుంటే చాలు, దాని పని అది చేసుకుంటుంది.

ఆడవారి చిన్న వాచీలు సేకరించవచ్చా అని కూడా అడుగుతున్నారు. తప్పకుండా. వాటికి పోటీ తక్కువ, ధర తక్కువ, డయళ్లు కూడా తక్కువగా చెడగొట్టారు. కానీ ఆ మెషీన్ చిన్నది, చూపు తగ్గిన మెకానిక్ పట్టుకోరు, పట్టుకున్నవారు ఎక్కువ అడుగుతారు. కాబట్టి నడుస్తున్నది మాత్రమే కొనండి, ఆగిపోయినది వద్దు.